దెబ్బ గడ్డానికి, విరిగేది చెవి దగ్గర

మన తలలోని ఎముకలలో, చెవి లోపల దాగి ఉన్న అతి చిన్న ఎముకలను మినహాయిస్తే, కదిలేది ఒక్కటే. అది కింది దవడ. మాట్లాడినా, అన్నం నమిలినా, ఆవులించినా, ఖుర్‌ఆన్ పారాయణం చేసినా కదలవలసినది ఆ ఒక్క ఎముకే. పాఠకులు ఈ పత్రికను ఒక్క క్షణం ఒడిలో పెట్టి, రెండు చూపుడు వేళ్లను చెవులకు కాస్త ముందు ఆనించి, నోరు తెరచి మూసి చూడండి. వేళ్ల కింద గుండ్రనిదేదో ముందుకు జారి మళ్లీ వెనక్కు పోవడం తెలుస్తుంది. అదే దవడ కీలు. ఈ నెల మేము వ్రాయదలచినది దవడ విరగడం గురించి. అందులోనూ, విరిగిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఉండిపోయే ఆ కీలు గురించి.

కింది దవడ గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. దాని రెండు కొనలూ కీళ్ల వద్ద తలను అంటిపెట్టుకొని ఉంటాయి కనుక, తలతో కలిసి అది ఒక వలయమవుతుంది. చేతి గాజు నేల మీద పడితే ఒక్కచోట మాత్రమే విరగదు. రెండు ముక్కలైనా అవుతుంది. దవడ తీరు కూడా చాలామందిలో ఇంతే. దెబ్బ తగిలినచోట ఒక చీలిక, దానికి ఎదురు పక్కన మరొక చీలిక. ఎడమ బుగ్గ మీద గుద్దు పడితే కుడి చెవి ముందున్న సన్నని మెడ వంటి భాగం విరగవచ్చు. గడ్డం నేలకు కొట్టుకుంటే ఆ అదురు రెండు వైపులా పాకి, రెండు కీళ్ల మెడలూ తెగిపోవచ్చు. గంటల తరబడి కదలకుండా నిలబడిన సిపాయిలు స్పృహ తప్పి గడ్డం మీద పడినప్పుడు ఈ విధంగానే విరుగుతుందని గమనించి, ఆంగ్ల వైద్యులు దీనికి కాపలా సిపాయి పేరే పెట్టారు. ఆ మెడ అంత సన్నగా ఉండటంలో ఒక మేలు కూడా ఉన్నది. అది విరిగి ఆ దెబ్బను తానే మింగుతుంది. లేకుంటే కీలు తల పైకి దూసుకుపోయి మెదడు అడుగున ఉన్న పలుచని ఎముకను పగులగొట్టే ప్రమాదం ఉండేది. సృష్టికర్త ఏర్పాటు!

దవడలో విరగడానికి అనువైన చోట్లు మరికొన్ని ఉన్నాయి. చెవి కింద దవడ వంపు తిరిగే మూల ఒకటి. అక్కడ జ్ఞానదంతం బయటకు రాక ఎముకలోనే ఇరుక్కొని ఉంటే ఆ మూల మరింత బలహీనం. కోరపన్ను పొడవైన వేరు ఉన్నచోటు మరొకటి. పళ్లన్నీ ఊడిపోయిన వృద్ధులలో దవడ అరిగి సన్నగిల్లుతుంది. వారికి మంచం మీది నుంచి జారిపడటమే చాలు.

కారణాల సంగతికి వస్తే, మన ప్రాంతంలో మొదటి స్థానం మోటారు సైకిలుదే. చట్టం హెల్మెట్టు పెట్టుకోమంటున్నది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను, 2019 సవరణ తరువాత, నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ అది తప్పనిసరి అన్నది. మన యువకులలో కొందరు హెల్మెట్టును హ్యాండిలుకు తగిలించి తిరుగుతారు. మరికొందరు పోలీసుల కోసం నెత్తి మీద సగం చిప్ప వంటిది పెట్టుకుంటారు. ఆ సగం హెల్మెట్టు నెత్తిని ఎంతో కొంత కాపాడుతుందేమో గాని, దవడను రోడ్డుకు వదిలేస్తుంది. గడ్డం ముందు అడ్డు ఉన్న నిండు హెల్మెట్టు, దాని పట్టీ బిగించి ఉంటేనే, ముఖానికి రక్షణ. అల్లాహ్ మీద భరోసా ఉండగా ఇదంతా ఎందుకనే వారికి ఒక్కమాట: ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త (సఅసం) శిరస్త్రాణం ధరించే ఉన్నారు. ఆ రోజు ఆయన పన్ను విరిగింది, ముఖానికి గాయమైంది, శిరస్త్రాణమే పగిలింది. రక్తం ఆగకపోతే హజ్రత్ ఫాతిమా (రజి) చాప ముక్కను కాల్చి ఆ బూడిదను గాయం మీద అద్దారని హదీసు గ్రంథాలలో ఉన్నది. ఆయన కంటే మన భరోసా గొప్పదా?

స్త్రీల విషయంలో వేరొక ప్రమాదం ఉన్నది. బండి వెనుక ఒక పక్కకు కూర్చున్నప్పుడు బురఖా అంచో, చున్నీయో, చీర కొంగో వెనుక చక్రంలో చుట్టుకుంటుంది. మనిషి ఒక్క లాగుతో రోడ్డు మీద పడుతుంది, అదీ ముఖం మీద. వెనుక చక్రానికి చీర అడ్డు బిగించడం పెద్ద ఖర్చు కాదు. బయలుదేరే ముందు బట్టను ఒడిలోకి సర్దుకొమ్మని గుర్తు చేయడం బండి నడిపేవాని బాధ్యత. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడే పెద్దలు రమజానులో వైద్యుని అడగకుండా ఉపవాసం ఉండి, అసర్ తరువాత చక్కెర పడిపోయి కళ్లు తిరిగి పడటం కూడా జరుగుతున్నది. స్పృహ తప్పేవాడు చేతులు అడ్డుపెట్టుకోలేడు. గడ్డమే ముందు నేలను తాకుతుంది.

ఇక మనిషి చేతితో విరిగే దవడలు. దీన్ని గురించి మెత్తగా వ్రాయడం మాకు ఇష్టం లేదు. ముఖం మీద కొట్టడాన్ని దైవప్రవక్త (సఅసం) నిషేధించారు. భార్య హక్కుల ప్రస్తావనలో ఈ మాట ప్రత్యేకంగా చెప్పారు. పోట్లాటలో సైతం ముఖాన్ని తప్పించమన్నారు. చివరకు జంతువు ముఖం మీద కొట్టడం, వాత పెట్టడం కూడా వద్దన్నారు. ఇంత స్పష్టమైన ఆజ్ఞ తరువాత కూడా వాచిన బుగ్గతో, కలవని పళ్లతో ఆసుపత్రికి వచ్చి “మెట్ల మీద జారిపడ్డాను” అని చెప్పే స్త్రీలు ఉన్నారు. పక్కన భర్త నిలబడి ఉంటాడు. అటువంటి సోదరికి ఆమె తల్లిదండ్రులు చెప్పవలసిన మాట సబర్ ఒక్కటే కాదు. ముందు వైద్యం, వైద్యునికి నిజం చెప్పడం, అవసరమైతే 181 నంబరుకు ఫోను. చెంపదెబ్బ కొట్టే ఉపాధ్యాయులకు కూడా ఈ హదీసులు వర్తిస్తాయి. మక్తబ్ గోడలు అందుకు మినహాయింపు కావు.

దవడ విరిగిందని ఎట్లా తెలుసుకోవాలి? అన్నింటికంటే పెద్ద గుర్తు పళ్ల కలయిక. నోరు మూసినప్పుడు పై పళ్లు, కింది పళ్లు రోజూ ఎట్లా కలుస్తాయో ఆ మనిషికి తెలుసు. “నా పళ్లు ఎప్పటిలా కూర్చోవడం లేదు” అని రోగి అంటే, వాపు లేకపోయినా ఆ మాటను నమ్మండి. కింది పెదవి, గడ్డం మొద్దుబారడం రెండవ గుర్తు. దవడ ఎముకలో నడిచే నరం దెబ్బతిన్నప్పుడు అట్లా అవుతుంది. నాలుక కింద నల్లగా నెత్తురు కమ్మడం, పళ్ల వరుసలో కొత్తగా మెట్టు ఏర్పడటం, నోరు తెరిస్తే గడ్డం ఒక పక్కకు లాగడం, చెవి నుంచి రక్తం రావడం కూడా గమనించదగినవి.

అటువంటప్పుడు మొదటి చూపు శ్వాస మీద ఉండాలి. గడ్డం భాగం రెండు వైపులా విరిగితే నాలుకకు పట్టు తప్పి అది వెనక్కు జారుతుంది. వెల్లకిలా పడుకోబెడితే గొంతుకు అడ్డుపడుతుంది. స్పృహ ఉన్నవారిని కూర్చోబెట్టి ముందుకు వంగనివ్వండి, రక్తమూ లాలాజలమూ బయటకు కారిపోనివ్వండి. స్పృహ లేకుంటే మెడ మెలిపడకుండా, తలా మొండెమూ ఒక్కటిగా పక్కకు తిప్పి ఉంచి 108ని పిలవండి. నోటిలో విరిగిన పళ్లు, కట్టుడు పళ్లు కంటికి కనిపిస్తే తీసివేయండి. పెద్దపన్ను వేరుతో సహా ఊడి వస్తే దాన్ని పారవేయకూడదు. వేరును ముట్టకుండా, తుడవకుండా, చల్లని పాలలో వేసి వెంట తీసుకుపోతే, గంటలోపు తిరిగి నిలబెట్టే అవకాశం ఉన్నది. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టరు. గడ్డం కింది నుంచి నెత్తికి గట్టిగా గుడ్డ బిగించే అలవాటు మన ఇళ్లలో ఉన్నది. వాంతి వస్తే ఆ కట్టు ప్రాణం మీదికి తెస్తుంది. దవడను వెనక్కు నెడుతుంది కూడా. చేతితో మెల్లగా ఆసరా ఇస్తే చాలు.

చేయి విరిగితే నాటు కట్టు కోసం పుత్తూరు దాకా వెళ్లే అలవాటు మన జిల్లాలలో పాతదే. దాని గుణదోషాలు ఇక్కడ చర్చించబోము. దవడకు మాత్రం బయటి కట్టు పనికిరాదు. ఎందుకంటే దవడను సరిచేయడానికి కొలబద్ద బయట లేదు, నోటిలో ఉన్నది. ఈ సంగతి కనుగొన్నది నేటి వైద్యులు కాదు. కొర్డోబా సమీపంలోని మదీనతుజ్జహ్రాలో పుట్టి 1013 ప్రాంతంలో మరణించిన అబుల్ ఖాసిం అజ్జహ్రావీ తన “అత్తస్రీఫ్” గ్రంథంలోని 30వ భాగాన్ని శస్త్రచికిత్సకు కేటాయించాడు. విరిగిన దవడను నోటిలో వేలు పెట్టి సరిచేసే తీరు, కదిలిన పళ్లను బంగారు తీగతోనో, వెండి తీగతోనో, పట్టుదారంతోనో కట్టే తీరు, రోగిని మాట్లాడనీయక మెత్తని ఆహారం మీద ఉంచే తీరు అందులో ఉన్నాయి. అతనికి ముందు గ్రీకులు కూడా పళ్లను తీగతో కట్టేవారు. జహ్రావీ ఆ జ్ఞానాన్ని స్వీకరించి, తన చేతి పనితో సరిచూసి, పనిముట్ల బొమ్మలతో సహా వ్రాసి పెట్టాడు. 12వ శతాబ్దంలో తొలేదో నగరంలో క్రెమోనాకు చెందిన జెరార్డ్ దాన్ని లాటిన్‌లోకి తెచ్చాక, యూరపు వైద్యులు శతాబ్దాలపాటు దాన్ని చదివారు. ఆ పుస్తకం పేరు మన మదరసా పిల్లలకు తెలియకపోవడం మాకు బాధ కలిగిస్తుంది.

నేటి ఆసుపత్రిలో జరిగేది మూలసూత్రంలో అదే. పై పళ్లూ కింది పళ్లూ తమ పాత జాగాలో కలిస్తే, విరిగిన ఎముక ముక్కలు కూడా వాటి వెంట జాగాకు వస్తాయి. ఈ వైద్యం చేసేవారు ఎముకల డాక్టర్లు కారు. దంతవైద్యం చదివి, ఆపైన నోరు, దవడల శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందినవారు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలోనూ, విజయవాడ, కడప ప్రభుత్వ దంతవైద్య కళాశాలలలోనూ వారు ఉంటారు. తలకు గాయమైందన్న అనుమానం ఉంటే ముందు తలను చూస్తారు. దవడ రెండు మూడు రోజులు ఆగగలదు. మొత్తం దవడను ఒకే చిత్రంలో చూపే ఎక్స్‌రే, అవసరమైతే సీటీ స్కాన్ తీస్తారు. ఎముక కదలకుండా చీలిక మాత్రమే ఉంటే మెత్తని ఆహారం, వారం వారం పరీక్ష చాలవచ్చు. కదిలితే రెండు దారులు. ఒకటి, పై వరుసకూ కింది వరుసకూ సన్నని లోహపు పట్టీలు తీగతో బిగించి, రెండింటినీ కలిపి నోరు మూసి కట్టడం. పెద్దవారికి ఇది నాలుగు నుంచి ఆరు వారాలు. రెండవది, ఎముక మీదనే చిన్న టైటానియం పట్టీలను మరలతో బిగించడం. 1970లలో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో షాంపీ అనే వైద్యుడు, నమిలేటప్పుడు దవడలో లాగుడు ఎక్కడ పడుతుందో లెక్కకట్టి, ఈ చిన్న పట్టీల పద్ధతికి స్థిరరూపం ఇచ్చాడు. కోత ఎక్కువగా నోటి లోపలే పెడతారు కనుక ముఖం మీద మచ్చ పడదు. ఆడపిల్ల పెళ్లి గురించి బెంగపడి ఆపరేషను వాయిదా వేసే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. వంకరగా అతుక్కున్న దవడే ఆమె ముఖాన్ని మారుస్తుంది.

నోరు కట్టి ఉన్నన్నాళ్లూ ఇంటి ఇల్లాలి పని పెద్దది. బుగ్గ వెనుక, చివరి పళ్ల వెనుక ఉండే సందులోంచి ద్రవాలు పోతాయి. వడకట్టిన రాగిజావ, పాలు, పప్పుకట్టు, పాయా షోర్బా, మజ్జిగ, పళ్ల రసం, మిక్సీలో మెత్తగా చేసిన ఖిచిడీ అన్నీ పనికివస్తాయి. రోజుకు మూడుసార్లు కాదు, ఆరుసార్లు ఇవ్వాలి. బరువు తగ్గకుండా చూడాలి. తిన్న ప్రతిసారీ ఉప్పునీటితో పుక్కిలించి, చిన్న బ్రష్షుతో పట్టీలను శుభ్రం చేయాలి. పళ్లున్న భాగంలో విరిగిన దవడకు నోటిలోని క్రిములు నేరుగా చేరతాయి. గుట్కా, సిగరెట్టు మానని వానికి ఎముక ఆలస్యంగా అతుకుతుంది. తీగలు కత్తిరించే కట్టరు మంచం పక్కనే ఉండాలి, దాన్ని ఎక్కడ వాడాలో వైద్యుని అడిగి ఇంట్లో ఇద్దరైనా నేర్చుకోవాలి. వాంతి అయి ఊపిరాడనప్పుడు వెతుక్కునే సమయం ఉండదు. రోగికి ఉపవాసాలు తరువాత పూర్తిచేసుకునే అనుమతిని దివ్య ఖుర్‌ఆన్ ఇచ్చింది. నమాజులో పెదవులు, నాలుక కదిలించగలిగినంత పఠిస్తే చాలు.

పై దవడ విరిగినవారికి వుజూ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పై దవడ కింది దవడ వంటి ఒంటి ఎముక కాదు. ముక్కు, చెంపలు, కంటి గుంటలతో కలిసిన గూడు. 1901లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు రెనె లెఫోర్ పరీక్షలు చేసి, అది సాధారణంగా మూడు రేఖల వెంట విడిపోతుందని చూపాడు. పై పళ్ల వరుస మాత్రమే ఊడటం ఒకటి, ముక్కుతో కలిసి ఊడటం రెండు, ముఖమంతా తలనుంచి విడిపోవడం మూడు. ఇటువంటివారు కొన్ని వారాలపాటు ముక్కు చీదకూడదు. చీదితే గాలి విరిగిన సందులోంచి చర్మం కిందికి, కంటి చుట్టూ ఎక్కుతుంది. కనుక వుజూలో ముక్కులోకి నీరు ఎక్కించి చీదడాన్ని విడిచిపెట్టాలి. వుజూలో అది సున్నత్; వుజూ నెరవేరుతుంది. హనఫీ ఫిఖ్హ్‌లో గుసుల్‌కు అది ఫర్జ్ కనుక, హాని కలుగుతుందని వైద్యుడు చెప్పినప్పుడు ఉండే మినహాయింపు వివరాన్ని మీ ఊరి ముఫ్తీ గారిని అడగండి. నుదురూ ముక్కూ నేలకు అదమవద్దని వైద్యుడంటే సజ్దా సైగతో చేయవచ్చు.

ఇప్పుడు పిల్లల సంగతి. ఈ వ్యాసం ఇందుకోసమే వ్రాస్తున్నాము.

చిన్నపిల్లలు మెట్ల మీద, ఉయ్యాల మీద, గాలిపటాల కాలంలో మిద్దె మీది నుంచి పడుతుంటారు. గడ్డం కింద చర్మం చిట్లి రక్తం కారుతుంది. ఇంటివారు దగ్గరి క్లినిక్కుకు తీసుకుపోతారు, నాలుగు కుట్లు పడతాయి, వారంలో గాయం మానుతుంది. అందరూ గడ్డాన్ని చూస్తారు. కీలును ఎవరూ చూడరు. పిల్లల కీలు తల మెత్తగా, రక్తంతో నిండి ఉంటుంది. అది నలిగితే కీలు సందులో రక్తం గడ్డకడుతుంది. నొప్పి వల్ల బిడ్డ నోరు తెరవడం తగ్గిస్తాడు. కదలని కీలులో ఆ గడ్డ క్రమంగా ఎముకగా మారి దవడను తలకు అతికించివేస్తుంది. ఇది ఒక్క రోజులో జరగదు. నెలలు, ఏళ్లు పడుతుంది. అందుకే తల్లికి కూడా తెలియదు.

తజ్వీద్ చెప్పే ఉస్తాదులు పిల్లల నోళ్లను చూడటం అలవాటైనవారు. మా దగ్గర ఖాయిదా మొదలుపెట్టిన ఒక ఎనిమిదేళ్ల బాలుడు అలిఫ్ మద్దును ఎంత చెప్పినా నోరు తెరచి పలికేవాడు కాదు. శబ్దం పళ్ల మధ్య నుంచి నలిగి వచ్చేది. తోటి పిల్లలు బద్ధకమని నవ్వేవారు. గడ్డం చిన్నదిగా, వెనక్కు పోయినట్లు ఉండేది. గడ్డం కింద పాత కుట్ల గీత. మధ్యాహ్నం రొట్టెను తుంచి, ముక్కలను పళ్ల సందులోంచి నెట్టుకొని తినేవాడు. తల్లిని పిలిపించి అడిగితే, నాలుగేళ్ల వయస్సులో మిద్దె మెట్ల మీద పడ్డాడని, రాత్రి గురక పెడతాడని చెప్పింది. గురక సంగతి ఆమె నవ్వుతూ చెప్పింది. కాని దవడ ఎదగక నాలుకకు చోటు చాలక ఊపిరి అడ్డుపడటం వల్ల వచ్చే గురక అది. దంతవైద్య కళాశాలలో కుడి కీలు ఎముకగా అతుక్కుపోయిందని తేల్చారు. అతుకును కోసి, మధ్యన అదే పక్కనున్న కణత కండరం పొరను అడ్డుపెట్టారు. ఇటువంటి పిల్లలకు మత్తు ఇవ్వడమే పెద్ద పరీక్ష. నోరు తెరుచుకోదు కనుక శ్వాసగొట్టాన్ని ముక్కు ద్వారా ఎంతో నేర్పుతో పంపవలసి వస్తుంది. ఆపరేషను తరువాత నెలల తరబడి ఆ బాలుడు ఐస్‌క్రీము పుల్లలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పళ్ల మధ్య దూర్చి, నోరు తెరిచే వ్యాయామం చేశాడు. ఏడుస్తూ చేశాడు. మానితే కీలు మళ్లీ అతుక్కుంటుంది.

దెబ్బ తగిలిన వారంలోనే చూపించి ఉంటే ఇందులో చాలా భాగం తప్పేది. పిల్లల కీలు విరిగినప్పుడు సాధారణంగా ఆపరేషను చేయరు. పిల్లల ఎముకకు తిరిగి తనను తాను దిద్దుకునే శక్తి ఎక్కువ. కొద్దిరోజులు మెత్తని ఆహారం, పళ్లు సరిగా కలవకుంటే పది రోజులో రెండు వారాలో రబ్బరు బ్యాండ్ల ఆసరా, ఆ వెంటనే నోరు తెరిచే వ్యాయామం. పెద్దలకు వలె నెలన్నర నోరు కట్టి ఉంచితే ఆ కట్టే కీలును అతికిస్తుంది.

కాబట్టి గడ్డం మీద పడిన ప్రతి బిడ్డకూ, కుట్లు పడినా పడకపోయినా, ఇంట్లో ఒక కొలత తీయండి. బిడ్డ తన సొంత చేతి మూడు వేళ్లను, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు, ఒకదాని మీద ఒకటిగా నిలువుగా పట్టి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టగలగాలి. మీ వేళ్లు కాదు, బిడ్డ వేళ్లు. మొదటి రెండు మూడు రోజులు నొప్పి వల్ల పట్టకపోవచ్చు. వారం తరువాత కూడా పట్టకపోతే, లేదా తెరిచినప్పుడు గడ్డం ఒక పక్కకు పోతుంటే, దవడల శస్త్రవైద్యునికి చూపించండి. పట్టినా నెలకొకసారి కొలిచి, తేదీతో సహా బిడ్డ టీకాల కార్డు వెనుక వ్రాసి పెట్టండి. మూడు వేళ్లు పట్టిన నోరు రెండు వేళ్లకు వస్తే అది వేచిచూసే సమయం కాదు. కీలు విరిగిన బిడ్డను దవడ ఎదుగుదల పూర్తయ్యేదాకా, అంటే పదహారు పదిహేడేళ్లు వచ్చేవరకు, ఏడాదికి ఒక్కసారైనా వైద్యునికి చూపుతూ ఉండాలి. మక్తబ్‌లో చేర్చుకునేటప్పుడు పేరు, వయస్సు వ్రాసే ఉస్తాదులు ఆ మూడు వేళ్ల పరీక్ష కూడా చేయవచ్చు. దానికి అర నిమిషం పడుతుంది.